సెకండ్ హ్యాండ్ ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే కొండదారుల్లో తొక్కే గేర్ సైకిల్) మీద డబ్బులు పెట్టాలా వద్దా

ఐదారు వేలకే గేర్ సైకిల్ దొరికింది కదా అని వెంటనే పార్ట్స్ ఆర్డర్ పెట్టేయకండి. ముందు ఫ్రేమ్ శుభ్రంగా తుడిచి చూడండి, హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట, పెడల్స్ దగ్గర వెల్డింగుల మీద సన్న గీతలా పగులు కనిపిస్తే ఇక దాని మీద రూపాయి కూడా దండగే.

అసలు కిటుకంతా వెనక చక్రంలో ఉంది. చవక సైకిళ్లకి ఎక్కువగా 6, 7 స్పీడ్ ఫ్రీవీల్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) హబ్ (చక్రం నడిమి భాగం) మీద మర తిప్పి బిగించి ఉంటది, దానికి 9 స్పీడ్ క్యాసెట్ (హబ్ మీదకి జారించి బిగించే గేర్ల గుత్తి) పట్టదు, అంటే చక్రం మార్చాలి, దాంతోపాటు షిఫ్టరు (గేర్ మార్చే మీట), చైను, చాలాసార్లు డీరైలరు (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి జరిపేది) కూడా, చూస్తుండగానే సైకిల్ రేటు దాటిపోద్ది. డిస్క్ బ్రేకులకి ఫ్రేమ్ మీద మౌంట్ (బ్రేక్ బిగించే చోటు) లేకపోతే ఆ ఆశ కూడా వదిలేయండి. ముందు చక్రం దగ్గర కుదుపులు తగ్గించే సస్పెన్షన్ ఫోర్క్ జోలికి అస్సలు పోవద్దు (మంచిది కొనాలంటే ఇంకో సైకిల్ వచ్చేస్తది).

చైన్‌కి స్కేలు పెట్టండి, ఒక పిన్ దగ్గర సున్నా పెడితే దాని తర్వాత 24వ పిన్ సరిగ్గా 12 అంగుళాల దగ్గరుండాలి, దానికంటే అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ మార్చేయండి, లేకపోతే గేర్ల పళ్లు కూడా తినేస్తది.

ఫ్రేమ్ బాగుండి రిమ్ములు వంకర లేకపోతే టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కేబుల్స్ కొత్తవి వేయించండి, అంతే చాలు.