పాలిష్ చేసిన హెడ్‌లైట్ మళ్లీ పచ్చబడకుండా పైన ఏం వేయాలి

పోయినేడాది ఉగాది ముందు మా కారు హెడ్‌లైట్లు ఒక షాపులో పాలిష్ చేయించాను, అద్దంలా వచ్చాయి, ఇంట్లో అందరినీ పిలిచి మరీ చూపించాను. వినాయక చవితికల్లా మళ్లీ పచ్చబడ్డాయి, నిజం చెప్పాలంటే మునుపటికంటే మసకగా. ఒక రాత్రి కోదాడ దాటాక హైవే మీద ఎదురుగా లారీల లైట్లు కొడుతుంటే మా లైటు రోడ్డు మీద పడుతోందో లేదో కూడా తెలియలేదు, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ భయంతోనే దీని సంగతి మొత్తం నేర్చుకుని రెండోసారి నేనే చేసుకున్నా.

ముందు అసలు ఏం జరుగుతుందో చూడండి. ఇప్పటి కార్లకి ఉండేది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. దెబ్బకి గట్టిదే కానీ ఎండలోని యూవీకి (కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలకి) తట్టుకోదు, అందుకే కంపెనీ వాళ్లు దాని మీద పల్చటి గట్టి కోటింగ్ వేసి పంపుతారు. ఏళ్ల తరబడి ఎండలో ఆ కోటింగ్ పాడై పొరలుగా లేస్తుంది, కింద ప్లాస్టిక్ పచ్చబడుతుంది. మనం వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టి రుద్దామంటే పచ్చదనంతో పాటు మిగిలిన ఆ కోటింగ్ కూడా పోయినట్టే, అంటే లైట్ మెరుస్తుంది గానీ గొడుగు లాక్కుని ఎండలో నిలబెట్టినట్టు అవుతుంది. టూత్‌పేస్ట్ అయినా రబ్బింగ్ కాంపౌండ్ అయినా ఇదే కథ. చిన్న కప్పులో కెమికల్ వేడి చేసి ఆవిరి పట్టే పద్ధతి కూడా అంతే, ఆ ఆవిరి ప్లాస్టిక్ పైపొరని కొంచెం కరిగించి గీతలు కనపడకుండా చేస్తుంది తప్ప యూవీ నుంచి కాపాడే పొర ఏమీ వేయదు, పైగా ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, ఎక్కువ పడితే ప్లాస్టిక్ సన్నగా బీటలు వారుతుంది.

కాబట్టి రుద్దిన రోజే పైన ఏదో ఒకటి వేయాలి, రేపు చూద్దాం అనుకోకండి. వ్యాక్స్ అయితే వారాల్లో పోతుంది, నెలకోసారి మళ్లీ రాయగలను అనుకునేవాళ్లకే. సిరామిక్ కోటింగ్ రాయడం సులువు, నీళ్లు జారిపోతాయి, కానీ చాలా పల్చటి పొర, మన ఎండల్లో బయట నిలబడే కారుకి ఏడాదికోసారి మళ్లీ వేయాల్సిందే అనుకోండి. ఏళ్ల తరబడి నిలవాలంటే నా లెక్కలో రెండే, ఒకటి హార్డ్‌నర్ (గట్టిపరిచే మందు) కలిసే టూకే క్లియర్, అంటే రెండు భాగాలు కలిపి కొట్టే రంగులేని పెయింట్, రెండోది పీపీఎఫ్ ఫిల్మ్, అంటే కారు పెయింట్‌ని కాపాడటానికి అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర.

నేను టూకే క్లియరే వేశా. ముందు చుట్టూ రెండు వరసలు మాస్కింగ్ టేప్, బానెట్ మీద బంపర్ మీద పూర్తిగా కవర్, ఎందుకంటే స్ప్రే తుంపర ఎంత దూరం పోతుందో ఊహించలేం. తర్వాత నీళ్లు పోస్తూ 600 నంబర్ పేపర్, 800, 1000. మొదట్లో కారే నీళ్లు పచ్చగా వస్తాయి, తెల్లగా మారేదాకా వదలకండి, ముఖ్యంగా అంచుల దగ్గర, అక్కడ పాత కోటింగ్ మిగిలితే క్లియర్ పడ్డాక ఆ మరక గీతలాగా కనపడుతుంది. ఇప్పుడు లైట్ తెల్లగా మంచు పట్టినట్టు ఉంటుంది, కంగారు పడొద్దు, పైన నీళ్లు చల్లి చూడండి, తడిగా ఉన్నప్పుడు ఎలా కనపడిందో క్లియర్ వేశాక దాదాపు అలాగే ఉంటుంది. తడిలో కూడా గీతలు కనపడితే మళ్లీ రుద్దాల్సిందే. ఇక్కడ పాలిష్ మాత్రం చేయకండి, నున్నగా ఉంటే క్లియర్ పట్టుకోదు.

ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవాలి, ఆ తర్వాత వేలు తగలకూడదు. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ దగ్గరికి కూడా తేవద్దు, పాలికార్బొనేట్ పగుళ్లిస్తుంది. టూకే క్లియర్ స్ప్రే డబ్బా అడుగున పిన్ నొక్కితే లోపల హార్డ్‌నర్ కలుస్తుంది, బాగా ఊపి మొదటి కోటు చాలా పల్చగా, పది నిమిషాల గ్యాప్, తర్వాత రెండు తడి కోట్లు, గ్యాప్ డబ్బా మీద ఏమి రాశారో అదే ఫైనల్. నొక్కిన డబ్బా ఒకటి రెండు రోజుల్లో గట్టిపడిపోతుంది కాబట్టి రెండు లైట్లూ ఒకేసారి కానిచ్చేయండి.

మాస్క్ విషయం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి, గుడ్డ మాస్కులు పనిచేయవు, పెయింటర్లు వాడే కార్ట్రిడ్జ్ మాస్క్, చేతికి గ్లవ్స్, గాలాడే చోటు ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని అసలు పెట్టుకోవద్దు. వాళ్లకి నేను చెప్పేది, మీ దగ్గర్లో డెంటింగ్ పెయింటింగ్ షాపుకి వెళ్లి హార్డ్‌నర్ కలిపే పీయూ (పాలియురెథేన్) క్లియర్ కొట్టమని అడగండి, గన్‌తో వాళ్లు కొట్టేది డబ్బా స్ప్రే కంటే నీట్‌గా వస్తుంది కూడా.

ఎప్పుడు చేయాలి అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, పొద్దున మంచు తగ్గాక, నీడలో. మే నెల ఎండలో స్ప్రే గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది, వానాకాలం తేమకి పాలలా తెల్లబడుతుంది. చేసాక రెండు మూడు రోజులు నీళ్లు తగలనివ్వకండి, వారం దాకా ప్రెషర్ వాష్ వద్దు.

పీపీఎఫ్‌కి మాత్రం లెక్క తిరగబడుతుంది, 2000, 3000 దాకా రుద్ది కాంపౌండ్‌తో పూర్తిగా మెరిపించాకే అంటించాలి, కింద మసక ఉంటే అలాగే ఉండిపోతుంది. టీపీయూ (సాగే గుణం ఉన్న పాలియురెథేన్ ప్లాస్టిక్) ఫిల్మే అడగండి, చౌకగా వచ్చే పీవీసీ ఫిల్మ్ అదే పచ్చబడుతుంది. బేబీ షాంపూ నీళ్లు చల్లి మధ్య నుంచి అంచులకి స్క్వీజీతో (నీళ్లు నెట్టే రబ్బరు పట్టీతో) నీళ్లు నెట్టాలి, వంపుల దగ్గర కొంచెం వేడి. దీని గొప్పతనం ఏంటంటే రాళ్ల దెబ్బలు కూడా ఆపుతుంది, పాడైతే పీకేసి కొత్తది వేసుకోవచ్చు. పొగ రంగు ఫిల్మ్ మాత్రం వద్దు, ఇంత కష్టపడింది వెలుగు కోసమే కదా.

ఇంకొకటి, లోపలి వైపు మసక ఉంటే బయట ఎంత రుద్దినా పోదు, ముందే టార్చ్ వేసి చూసుకోండి. 100/90 వాట్ల హాలోజన్ బల్బులు వేసి ఉంటే తీసేసి కంపెనీ ఇచ్చిన 60/55 పెట్టండి, ఆ వేడికి లోపల రిఫ్లెక్టర్ పాడవుతుంది. కుదిరినంతవరకు కారు ముఖం పడమటి ఎండకి లేకుండా పార్క్ చేయండి. మా లైట్లు మొన్న వేసవి మొత్తం ఆరుబయటే ఉన్నాయి, ఇప్పటికైతే పచ్చదనం లేదు.