ఆసుపత్రి గేటు దాటినాక నర్సు ఎవరు?

మా బిడ్డకు ఆరేళ్లు. పుట్టినప్పుడు ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో ఉండని జబ్బు), ఫిట్స్, మింగరాదు కాబట్టి ముక్కులో ట్యూబుతోనే పాలు, గొంతులో గల్ల గురగురమంటే అర్ధరాత్రయినా లేచి సక్షన్ పెట్టాలి, అంటే గొట్టంతో గల్ల లాగెయ్యాలి. మేముండేది హనుమకొండలో. ఈ మధ్య వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల వార్డు బయట ఒక తల్లి "ఇంటికి తీసుకపోతే నర్సును ఆరోగ్యశ్రీ వాళ్లే పంపిస్తరా అక్కా" అని అడిగింది. పంపరు. ఈ ఒక్క మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మొదటి మూడు నెలలు అంత ఆగమయ్యేవాళ్లం కాదు, అందుకే రాస్తున్నా.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. కానీ అది ఆసుపత్రిలో చేరితే, ఆ చికిత్స వాళ్ల జాబితాలో (దాన్నే ప్యాకేజీ అంటారు) ఉంటే. ఇంట్లో వాడే సక్షన్ మిషన్, ట్యూబులు, డైపర్లు, ఆయా జీతం, అన్నీ మన జేబులోంచే. చేరిన రోజే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ డెస్క్ చూసే ఆరోగ్యమిత్రను కలిసి, మీ కేసుకు ఫాలో అప్ ప్యాకేజీ ఉందా, ఇంటికి ఎన్ని రోజుల మందులిస్తారు అని అడగండి, ఎందుకంటే అడగనిదే ఎవరూ చెప్పరు. రేషన్ కార్డులో బిడ్డ పేరు లేకపోతే ముందు మీసేవకు పొండి.

డిశ్చార్జ్ తేదీ చెప్పగానే మేం సంబరంగా ఆటో మాట్లాడుకున్నాం. అదే తప్పు. కనీసం మూడు రోజుల ముందు నుంచే ట్యూబు ఫీడ్, సక్షన్ మీ చేతులతో మీరు చేయాలి, సిస్టర్ పక్కన నిలబడి చూడాలి. అమ్మ ఒక్కతే నేర్చుకుంటే చాలదు, అమ్మకు జ్వరం వస్తే? మా ఇంట్లో మా ఆయన, మా అత్తమ్మ కూడా నేర్చుకున్నారు, నిజం చెప్పాలంటే అత్తమ్మ చేయి నాకన్నా స్థిరం. మాకు నేర్పిన సిస్టర్ ముక్కు అంచు దగ్గర ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసింది. ఆ గీత కిందికో మీదికో జరిగిందంటే ట్యూబు కదిలినట్టు, పాలు పోయొద్దు, ఆసుపత్రికే. గీత సరిగ్గానే ఉన్నా ప్రతిసారీ సిరంజితో కొంచెం లాగి కడుపులోది వస్తుందో లేదో చూడాలి. బిడ్డ తల, వీపు ఎత్తులో ఉండాలి, పాలయ్యాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. సక్షన్ ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో బిడ్డకు ఊపిరి తీసుకునే టైమివ్వాలి. ఇంకో పని, డాక్టరుతో ఒక్క పేజీ రాయించుకోండి: జబ్బు పేరు, బరువు, ట్యూబు సైజు, మందుల డోసులు, ఫిట్స్ వస్తే మొదట ఏం ఇవ్వాలి. మాది తలుపు వెనక అతికించి ఉంది, ఫోటో అందరి ఫోన్లలో ఉంది. 108 వచ్చినప్పుడు మాట పెగలదు, ఆ పేజీ చూపిస్తే చాలు.

తర్వాత కాగితాలు. అన్నిటికన్నా ముందు వైకల్య ధృవీకరణ. మనోళ్లు ఇంకా సదరం అనే అంటారు, ఇప్పుడు వచ్చేది యూడీఐడీ కార్డు, దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చేయూత పింఛను నెలకు 4,016 రూపాయలు, చిన్నపిల్లలకు కూడా వస్తుంది. పిల్లలకు చాలావరకు టెంపరరీ సర్టిఫికెట్ ఇస్తారు, దాని గడువు తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

చాలామందికి తెలియనిది నిరామయ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల ఆరోగ్య బీమా, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వాళ్లకు లక్ష రూపాయల దాకా. ముందు నుంచే ఉన్న జబ్బు అని తోసెయ్యరు, ఓపీ ఖర్చు, మందులు, థెరపీ కూడా కొంతమేర తిరిగొస్తాయి, అంటే ముందు మనం కట్టి బిల్లులు పెట్టుకోవాలి. ఒరిజినల్ బిల్లు పోతే డబ్బు పోయినట్టే, నేను చీర పెట్టెలో ఒక ఫైలు పెట్టుకున్నా. పాలసీ మార్చి 31తో అయిపోతుంది, ఆ లోపే రెన్యువల్ చూసుకోండి. అరుదైన జన్యు జబ్బు అని తేలితే మాత్రం దారి వేరు, 2021 జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, దానికి హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్రం) కలిసి చూస్తాయి.

ఇక ఇంటికి మనిషిని పెట్టుకోవడం. ఏజెన్సీ వాళ్లు "నర్సు" అని పంపేది చాలాసార్లు కేర్‌టేకరే. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిందా, ఏఎన్ఎం (అంతకన్నా చిన్న నర్సింగ్ కోర్సు) చేసిందా, ఏదీ లేదా అని సర్టిఫికెట్ చూసే ఒప్పుకోండి. మాకు వచ్చిన మొదటి అమ్మాయి మొదటి రాత్రే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టింది, మా అత్తమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే, కొత్త మనిషి మూడు రోజులు నా ముందే అన్నీ చేయాలి, నాల్గో రోజు నుంచే డ్యూటీ. పగటికి మనిషి కావాలా రాత్రికా అంటే, డబ్బు ఒక్కదానికే ఉంటే రాత్రికే పెట్టుకోండి. నిద్ర లేని తల్లి చేతిలో మందు డోసు తప్పుతుంది.

ఉచితంగా ఇంటికొచ్చేవీ ఉన్నాయి, తక్కువే. జిల్లా పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) కేంద్రం నుంచి ఆలన అనే వాహనంలో నర్సు వస్తుంది, క్యాన్సర్ వాళ్లకే అనుకుంటాం కానీ మంచం పట్టిన వాళ్లను కూడా చూస్తారు, పిల్లల కేసు తీసుకుంటారా అని మీ ఆశా కార్యకర్తతో అడిగించండి. మండలంలో భవిత కేంద్రం (వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు నడిపేది) ఉంటే ఫిజియోథెరపీ దొరుకుతుంది, బడికి పోలేని పిల్లలకు టీచరు ఇంటికే వస్తారు. మా బిడ్డ ఆమె గొంతు వినగానే నవ్వుతుంది, అది వేరే సంగతి.

కరెంటు మర్చిపోవద్దు. మే నెల గాలివానకు మా గల్లీలో వేపకొమ్మ తీగల మీద పడితే నాలుగు గంటలు రాలేదు. ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) సుమారు 350 వాట్లు లాగుతుంది, ఒక్క బ్యాటరీ ఇన్వర్టర్ మీద అంతసేపు నమ్మలేం, అది వాడే ఇంట్లో నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండాల్సిందే. కరెంటు పోతే 1912కు ఫోన్ చేయడం ఒకటి, ముందే ఎన్పీడీసీఎల్ (మా దిక్కు కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసుకు పోయి ఇంట్లో మిషన్ మీద ఉన్న బిడ్డ ఉందని సర్వీస్ నంబరుతో సహా రాసిచ్చి రావడం ఇంకొకటి. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది మాత్రం కాలితో తొక్కే సక్షన్ పంపు, దానికి ప్లగ్గే లేదు.