రోబోటిక్స్ ఓపెన్ సోర్స్‌లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ కావాలా? ప్రపోజల్ కంటే ముందు ఒక ప్యాచ్ పంపండి

రోబోటిక్స్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) మీద వేసవిలో పని చేయాలనుకునే విద్యార్థుల్లో చాలామంది మార్చిలో మేలుకుంటారు. దరఖాస్తులు తెరిచాక ప్రాజెక్టుల జాబితా చూసి, నచ్చినదానికి రెండు రాత్రులు కూర్చుని ప్రపోజల్ రాసి పంపేస్తారు. అలాంటి వాటిలో బాగా రాసినవి కూడా పక్కకు పోతుంటాయి, ఎందుకంటే ఆ పేరు మెంటర్ అంతకుముందు ఎక్కడా చూసి ఉండరు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే: ముందు ఆ ప్రాజెక్టులో ఒక చిన్న మార్పు (ప్యాచ్) చేసి, అది మెర్జ్ అయ్యేదాకా, అంటే అసలు కోడ్‌లో కలిసేదాకా వెంటపడండి, ప్రపోజల్ సంగతి ఆ తర్వాత.

కార్యక్రమాల విషయానికొస్తే, అందరికీ తెలిసింది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005లో మొదలైంది, 2022 నుంచి విద్యార్థులే కాకుండా ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లు ఎవరైనా చేరవచ్చు, 18 ఏళ్లు నిండి ఉండాలి. ప్రాజెక్టులు 90, 175, 350 గంటలవి ఉంటాయి, స్టైపెండ్ ఇస్తారు. జేడీరోబోట్, ఆర్డుపైలట్ (డ్రోన్లను నడిపే సాఫ్ట్‌వేర్), ఓపెన్ రోబోటిక్స్ లాంటి రోబోటిక్స్ సంస్థలు ఇందులో పాల్గొన్నవే, కాకపోతే సంస్థల జాబితా ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది జాబితా చూసుకున్నాకే ఆశ పెట్టుకోండి. ఇలాంటి కార్యక్రమాలే అయిన ఔట్‌రీచీ, లినక్స్ ఫౌండేషన్ వాళ్ల ఎల్ఎఫ్ఎక్స్ మెంటర్‌షిప్ కూడా చూడండి.

ఏ ప్రాజెక్టు పట్టుకోవాలి? రాస్ 2 (రోబోలోని ప్రోగ్రాములను కలిపే సాఫ్ట్‌వేర్), గెజిబో (సిమ్యులేటర్), నావ్ 2 (రోబోకు దారి చూపేది), మూవ్ఇట్ (రోబో చేతిని కదిలించేది), పీఎక్స్4 (డ్రోన్‌ను నడిపేది)... పేర్లు చూస్తే అన్నిట్లోనూ వేలు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. కాలేజీ ప్రాజెక్టులో మీరు ఇప్పటికే దేన్ని వాడి ఇబ్బంది పడ్డారో దాన్నే ఎంచుకోండి, ఎందుకంటే ఆ ఇబ్బంది ఎక్కడుందో మీకు ముందే తెలుసు. చేతిలో రోబో లేదని ఆగొద్దు. గెజిబోలో రోబోను నడపొచ్చు, ఆర్డుపైలట్‌కు డ్రోన్ లేకుండానే కంప్యూటర్‌లో ఎగరేసే సిమ్యులేషన్ ఉంది, ఆ ప్రాజెక్టుల్లో రోజువారీ పని కూడా ఎక్కువగా సిమ్యులేటర్‌లోనే జరుగుతుంది.

ఇన్‌స్టాలేషన్ దగ్గర చాలామంది వారం పోగొట్టుకుంటారు. రాస్ 2 వెర్షన్‌కూ ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షన్‌కూ జత కుదరాలి: హంబుల్ అనే రాస్ 2 వెర్షన్ అయితే ఉబుంటు 22.04, జాజీ అయితే 24.04. పాత ట్యుటోరియల్స్ చూసి నోయెటిక్ (రాస్ 1 చివరి వెర్షన్) పెట్టుకోవద్దు, దాని సపోర్ట్ 2025 మేలో ముగిసింది. పాత గెజిబో క్లాసిక్ సపోర్ట్ కూడా అదే ఏడాది జనవరిలో ముగిసింది. ఆ తర్వాత మీరు మార్చబోయే ప్యాకేజీని మాత్రం సోర్స్ (అసలు కోడ్) నుంచి బిల్డ్ చేయండి, మిగతావి రెడీమేడ్ ప్యాకేజీలుగానే ఉంచండి. బిల్డ్ మధ్యలో మెషిన్ బిగుసుకుపోతే ర్యామ్ చాలట్లేదని అర్థం, ఒకేసారి నడిచే పనుల సంఖ్య తగ్గించండి.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేనూ పడ్డాను. కోడ్ మార్చి, బిల్డ్ చేసి, కొత్త టెర్మినల్ తెరిచి రన్ చేస్తే ఏ మార్పూ కనిపించదు. ఆ టెర్మినల్‌లో మీ వర్క్‌స్పేస్ (మీరు బిల్డ్ చేసిన ఫోల్డర్) సెటప్ ఫైల్‌ను సోర్స్ చేయలేదు, అంటే లోడ్ చేయలేదు కాబట్టి సిస్టమ్‌లో ముందే ఉన్న పాత ప్యాకేజీ నడుస్తోంది, మీరేమో కోడ్‌లో తప్పు వెతుకుతూ మధ్యాహ్నమంతా కూర్చుంటారు. అనుమానం వస్తే కోడ్‌లో ఒక లాగ్ లైన్ (స్క్రీన్ మీద మెసేజ్ చూపేది) పెట్టి, అది కనిపిస్తోందో లేదో ముందు చూసుకోండి.

మొదటి పనిగా కొత్తవాళ్ల కోసం లేబుల్ వేసిన ఇష్యూలు (ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్యలు) చూడొచ్చు, కానీ వాటికి పోటీ ఎక్కువ. నా లెక్కలో అంతకంటే మంచి దారి, ఎవరో పెట్టి వదిలేసిన బగ్‌ను మీ మెషిన్‌లో మళ్లీ రప్పించడం. ఉదాహరణకు, లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) టాపిక్, అంటే దాని డేటా వెళ్లే ఛానెల్, జాబితాలో కనిపిస్తుంది, ఆ డేటా అందుకోవాల్సిన సబ్‌స్క్రైబర్‌కు మాత్రం ఒక్క మెసేజ్ కూడా రాదు అని ఒకరు రాశారనుకోండి. టాపిక్ వివరాలు వెర్బోస్‌గా (పూర్తి వివరంగా) అడిగితే డేటా పంపే పబ్లిషర్ బెస్ట్ ఎఫర్ట్‌లో (మెసేజ్ చేరిందో లేదో చూడదు), సబ్‌స్క్రైబర్ రిలయబుల్‌లో (ప్రతి మెసేజ్ చేరాల్సిందే అంటుంది) ఉన్నాయని తేలుతుంది. ఆ రెండూ కలవవు, అందుకే నిశ్శబ్దం. మీ వెర్షన్, ఇచ్చిన కమాండ్లు, వచ్చిన అవుట్‌పుట్, కారణం అన్నీ ఆ ఇష్యూ కిందే రాయండి. తర్వాత డాక్యుమెంటేషన్‌లో ఆ సెట్టింగ్ గురించి రెండు వాక్యాలు చేర్చే పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును కలపమని కోరే అభ్యర్థన) పెడితే, ఆ బగ్ గురించి మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునేవాళ్లు) చేయాల్సిన పనిలో సగం మీరే చేసినట్టు. అలాంటివాళ్లను వాళ్లు మర్చిపోరు.

పుల్ రిక్వెస్ట్ పెట్టేముందు టెస్టులు మీ దగ్గరే నడపండి, కోడ్ స్టైల్ తనిఖీలు కూడా అందులోనే వస్తాయి. రాస్ 2 రిపోజిటరీల్లో ప్రతి కమిట్‌కూ (నమోదు చేసిన మార్పుకు) సైన్ఆఫ్ లైన్, అంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చెప్పే సంతకం ఉండాలి, అది మర్చిపోతే చెక్ ఎర్రగా ఆగిపోతుంది. మార్పు సాధారణంగా ముందు రోలింగ్‌లోకి (ఎప్పటికప్పుడు మారే డెవలప్‌మెంట్ వెర్షన్) వెళ్తుంది, అక్కడి నుంచి హంబుల్‌కో జాజీకో బ్యాక్‌పోర్ట్ చేస్తారు, అంటే ఆ పాత వెర్షన్‌లోకి కూడా తెస్తారు. రివ్యూ రావడానికి వారం పట్టినా టెన్షన్ పడకండి, చాలామంది మెయింటైనర్లకు ఇది ఉద్యోగం తర్వాత చేసే పని. వారం దాటాక మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి, చాలు. ఏఐ టూల్ రాసిచ్చిన కోడ్‌లో ఒక్క లైన్ అయినా ఎందుకుందో చెప్పలేని పరిస్థితి ఉంటే మాత్రం పంపకండి. రివ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది, పోయిన నమ్మకం తిరిగి రావడం కష్టం.

ఇప్పుడు ప్రపోజల్. మెర్జ్ అయిన మీ మార్పుల లింకులు మొదటి పేజీలోనే పెట్టండి. వారాల వారీ ప్లాన్‌లో పరీక్షలున్న వారాలు దాచొద్దు, ఆ వారం సగం పనే అవుతుందని రాసేయండి. మధ్యంతర మూల్యాంకనం నాటికి చిన్నదైనా పూర్తిగా పని చేసేది ఒకటి ఉండాలి: నావిగేషన్ ప్లగిన్ రాస్తుంటే, అప్పటికి ఖాళీ గదిలో సిమ్యులేటెడ్ రోబో ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్లాలి, అడ్డంకులు తర్వాత చూసుకోవచ్చు. చివరి రెండు వారాల్లో కొత్త ఫీచర్ పెట్టుకోకండి, అవి టెస్టులకూ డాక్యుమెంటేషన్‌కూ వదిలేయండి.

సెలెక్ట్ అయ్యాక ఎక్కడైనా ఇరుక్కుంటే మూడు రోజులు మౌనంగా ఉండకండి. ఒక పూట గట్టిగా ప్రయత్నించి, ఏం చేశారో, ఏం వచ్చిందో రాసి అడగండి, వీలైతే మెంటర్‌కు ప్రైవేటుగా కాకుండా అందరూ చదివే చోటే. వేసవి ముగిసేసరికి మిగిలిపోయిన పనులు ఒక్కొక్కటీ విడి ఇష్యూగా పెట్టండి, ఎక్కడిదాకా వచ్చిందో, ఏ ఫైల్ నుంచి మొదలుపెట్టాలో రాసి మరీ. వచ్చే ఏడాది మీలాగే కొత్తగా వచ్చేవాళ్లు వెతుక్కునేది వాటినే.