‘క్యాన్సర్‌కు చెక్’ అనే వార్తను ఎలా చదవాలి

2022 జూన్‌లో ‘మందుతో మాయమైన క్యాన్సర్’ అనే వార్త పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ తిరుగుతున్న రోజుల్లోనే మా పెదనాన్న పురీషనాళ క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టించుకోవలసి ఉంది. అన్నయ్య ఆ వార్తను కత్తిరించి ఫైల్లో పెట్టి, ‘కరెంటు పెట్టించే ముందు ఈ మందు సంగతి కనుక్కుందాం నాన్నా’ అన్నాడు. కనుక్కోవడంలోనే పది రోజులు గడిచాయి. చివరికి డాక్టరుగారు ఆ కత్తిరింపును ఓపికగా చదివి, బయాప్సీ రిపోర్టులో రెండో పేజీ తీసి ఒకచోట వేలు పెట్టారు. అక్కడ నాలుగు ప్రోటీన్ల పేర్లు, నాలుగూ కణితిలో ఉన్నాయన్న మాట ఉన్నాయి. ‘ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించినవాళ్లకే ఆ మందు ఇచ్చి చూశారండీ. మీది ఆ రకం కాదు’ అన్నారు.

ఆ వార్త అబద్ధం కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును (అంటే శరీరంలోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందును) ఆరు నెలల పాటు తీసుకున్న 12 మందిలో, స్కానింగుల్లో గాని ఎండోస్కోపీలో గాని కణితి జాడ కనిపించలేదు. అయితే వాళ్లందరివీ, డాక్టరుగారు చూపించిన ఆ నాలుగు ప్రోటీన్లతో నడిచే, డీఎన్ఏలో దొర్లే పొరపాట్లను సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిన్న కణితులు. పురీషనాళ క్యాన్సర్లలో అటువంటివి 5 నుంచి 10 శాతమే. 2025లో అదే బృందం మరింతమంది రోగులతో ప్రకటించిన ఫలితాలు కూడా అంతే బాగున్నాయి కాబట్టి, ఆ కొద్దిమందికి ఇది నిజంగానే గొప్ప వరం. శీర్షికలో ఆ ‘కొద్దిమంది’ అన్న మాట లేకపోవడం వల్లనే మా ఇంట్లో పది రోజులు పోయాయి.

అందుచేత క్యాన్సర్ వార్త కనబడగానే మొదట వెతకవలసింది మందు పేరును కాదు, దాన్ని ఎవరికి ఇచ్చారన్న సంగతిని. ఏ అవయవానికి వచ్చిన క్యాన్సర్, అందులో ఏ రకం, ఎంతమంది, ఎంతకాలం గమనించారు అన్న నాలుగు వివరాలూ దొరికేదాకా ఆ వార్తను మన రోగికి ముడిపెట్టకూడదు. సాధారణంగా ఈ వివరాలు వార్త చివరి పేరాల్లో ఉంటాయి. అక్కడా లేకపోతే ఆ వార్తను ఆధారంగా చేసుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

‘ఎవరికి’ అన్న ప్రశ్నకు చాలాసార్లు వచ్చే జవాబు ‘ఎలుకలకు’. 1998 మే 3న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ క్యాన్సర్ పరిశోధకుడి పని గురించి వార్త వచ్చింది. కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆపే ఎండోస్టాటిన్, యాంజియోస్టాటిన్ అనే ప్రోటీన్లతో ఎలుకల్లో కణితులు కరిగిపోయాయని దాని సారాంశం. రెండేళ్లలో క్యాన్సర్ నయమైపోతుందని, డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ చెప్పినట్టు అందులో రాశారు. తాను అలా అనలేదని ఆయన తర్వాత ఖండించారు. మరుసటి పనిదినాన, ఆ మందు తయారుచేస్తున్న కంపెనీ షేరు 12 డాలర్ల దగ్గర నుంచి 50 డాలర్లు దాటింది. ఎలుకకు క్యాన్సర్ వస్తే తాము బాగా చూసుకోగలమని చెప్పిన ఫోక్‌మన్ మాత్రం మొదటి నుంచీ జాగ్రత్తగానే మాట్లాడారు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఆ ఫలితాలు రాలేదు. 2024 ఫిబ్రవరిలో మన దగ్గర మారుమోగిన ‘100 రూపాయల మాత్ర’ వార్త కూడా ఇటువంటిదే. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపే గుణాన్ని ఎలుకల్లో మాత్రమే చూశామని, మనుషుల్లో తేల్చడానికి మరో అయిదేళ్లు పడుతుందని ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు ఆ రోజే చెప్పినా, జనం మధ్య తిరిగింది మాత్రం మాత్ర ధరే.

తెలుగులో చదివేవారు ‘దశ’ అనే మాట దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికీ, మందు పరీక్షలు ఎంతవరకు వచ్చాయో చెప్పడానికీ మన పత్రికలు ఈ ఒక్క మాటనే వాడుతున్నాయి. ‘మూడో దశలో విజయం’ అంటే మూడో దశ రోగులు కోలుకున్నారని అర్థం కాదు. మందు మొదటి దశ ట్రయల్‌లో ఉందంటే, మోతాదు ఎంత ఇవ్వవచ్చో, శరీరం ఎంత తట్టుకుంటుందో మాత్రమే చూస్తున్నారని అర్థం. అక్కడికి చేరిన క్యాన్సర్ మందుల్లో చివరకు అనుమతి పొందేవి దాదాపు 20లో 1.

తర్వాత చూడవలసింది వారు దేన్ని కొలిచారన్నది. కణితి చిన్నదవడం, కొన్ని నెలలు పెరగకుండా ఉండడం, మనిషి ఎక్కువకాలం బతకడం అనేవి మూడూ వేర్వేరు. రొమ్ము క్యాన్సర్‌కు బెవాసిజుమాబ్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అనుమతించింది, ఎందుకంటే కణితి పెరుగుదల ఆలస్యమైనట్టు కనిపించింది. ఆ మందు తీసుకున్నవారి ఆయుష్షు పెరిగినట్టు తర్వాతి పరీక్షల్లో తేలకపోగా, దుష్ప్రభావాలు తీవ్రంగా ఉండడంతో 2011లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది.

భయపెట్టే వార్తలకు కూడా ఇదే కొలత వర్తిస్తుంది. సాసేజ్, బేకన్ వంటి నిల్వమాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. జీవితకాలంలో 100 మందిలో ఆరుగురికి ఆ జబ్బు వచ్చే చోట, 18 శాతం పెరిగితే ఏడుగురికి వస్తుంది. శాతం కనబడినప్పుడల్లా ‘ఎంతమీద’ అని అడగాలి.

ట్రయల్ మన దేశంలో జరుగుతోందో లేదో సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏ రోగులను తీసుకుంటారో, ఏ ఊళ్లో జరుగుతోందో అందులో ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వార్తతోపాటు బయాప్సీ రిపోర్టునూ తీసుకెళ్లి, ‘ఈ మందు మంచిదేనా’ అని కాకుండా, ‘ఇందులో చెప్పిన రకం మాదేనా, కాకపోతే మా రకానికి జరుగుతున్న ట్రయల్ ఏదైనా ఉందా’ అని అడగండి. జవాబు రావడానికి వారం పట్టినా నెల పట్టినా, కీమోకు గాని రేడియేషన్‌కు గాని ముందే ఇచ్చిన తేదీని ఆ వార్త కోసం వాయిదా వేయవద్దు.