పండ్ల సందులు శుభ్రం చేసుకునే అలవాటు: మూరెడు దారం, చిన్న బ్రష్

మటన్ తిన్నా, మక్కకంకి ఒలుచుకుని తిన్నా, గేగులు నమిలినా పండ్ల సందులో పీచు ఇరుక్కుంటుంది. వెంటనే చెయ్యి అగ్గిపుల్లకో, చీపురుపుల్లకో, పుస్తెలతాడుకు తగిలించిన పిన్నీసుకో పోతుంది. పీచు బయటికి రాగానే పని అయిపోయిందనుకుంటాం. ఆ పీచు నొప్పి పెడుతుంది కాబట్టి ఎట్లాగూ తీసేస్తాం, దానితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా నొప్పి పెట్టకుండా కూర్చునే పాచితోనే. సందుల్లో రోజూ పేరుకునే ఈ బ్యాక్టీరియా పొర చిగుళ్లను వాపెక్కిస్తుంది, పన్ను పక్కల పుచ్చు మొదలుపెడుతుంది. కొన్ని రోజులు వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం పట్టి గారగా గట్టిపడుతుంది. గార అయ్యాక దారంతో రాదు, బ్రష్‌తో రాదు, దంతవైద్యుల దగ్గర గీకించుకోవాల్సిందే. అందుకే మెత్తగా ఉన్నప్పుడే, రోజుకు ఒక్కసారి, తీసేయాలి. రెండుసార్లు అక్కర్లేదు. వారానికోసారి చేస్తే మాత్రం లాభం లేదు.

బ్రష్ గట్టిగా రుద్దితే సరిపోదా అంటే సరిపోదు. దవడ పన్నుకు ఐదు వైపులుంటాయి: బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే వైపు, పక్క పండ్లకు ఆనుకునే రెండు వైపులు. బ్రష్ కుచ్చు మొదటి మూడింటికే చేరుతుంది. వేపపుల్ల కూడా అంతే, ఎంత మెత్తగా నమిలి కుంచె చేసినా సందులోకి పోదు. ఆ పుల్లనే చీల్చి సందులో గుచ్చితే చిగురు గీసుకుపోతుంది, పేడు లోపలే విరిగి ఉండిపోయినా ఆశ్చర్యం లేదు. 28 పండ్లున్న నోట్లో పైన 13, కింద 13 సందులుంటాయి. జ్ఞానదంతాలు నాలుగూ వచ్చినవాళ్లకు మొత్తం 30.

ఏం కొనాలి

రెండు వస్తువులు: డెంటల్ ఫ్లాస్ అనే దారం, ఇంటర్‌డెంటల్ బ్రష్ అనే చిన్న బ్రష్. పండ్లు దగ్గరదగ్గరగా ఉండి, మధ్యలో చిగురు నిండుగా ఉన్నచోట దారం. చిగురు కిందికి జారి, రెండు పండ్ల మధ్య నల్లటి మూడుమూలల సందు కనబడేచోట బ్రష్. అక్కడ దారం వాడితే పాచి మీద నుంచి జారిపోతుంది, ఎందుకంటే ఆ భాగంలో పన్ను పక్కలు లోపలికి కొంచెం పల్లంగా ఉంటాయి. కుచ్చు ఆ పల్లంలోకి పోతుంది, దారం పోదు. చాలామంది పెద్దవాళ్లకు ముందు పండ్లకు దారం, దవడ పండ్లకు బ్రష్ కావాల్సి వస్తుంది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష ప్రకారం ఉత్త బ్రషింగ్ కంటే దారమో, చిన్న బ్రషో తోడైతే చిగుళ్ల వాపు తగ్గే అవకాశముంది, దారం కంటే చిన్న బ్రష్ మెరుగు కావచ్చు. ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అందులోనే రాశారు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్లు ఏది గొప్పది అని తేల్చుకునే పని పెట్టుకోవద్దు. తమ పండ్ల సందుల్లో ఏది సరిగ్గా పడుతుందో అదే తీసుకోవాలి.

దారంలో మైనం పూసినది తీసుకోండి, బిగుతు సందుల్లోకి సులువుగా దిగుతుంది. 50 మీటర్ల డబ్బీ రోజుకొక మూర చొప్పున మూడున్నర నెలలు దాటి వస్తుంది. మిషన్ దారంతో సరిపెట్టుకుందామనుకోవద్దు. సందులో తెగుతుంది, పోగులు లోపల ఉండిపోతాయి. కుట్టుపనికి వాడే నైలాన్ దారమైతే చిగురునే కోస్తుంది.

చిన్న బ్రష్‌కు సైజు ముఖ్యం. మధ్య తీగ రకరకాల మందాల్లో వస్తుంది. రంగును బట్టి కొనకండి, ఒక కంపెనీలో ఎరుపు ఇంకో కంపెనీలో వేరే సైజు. మొదట కలగలుపు ప్యాకెట్ తెచ్చుకుని అద్దం ముందు చిన్నదాంతో మొదలుపెట్టండి. కుచ్చు రెండు పక్కలా పన్నును తాకాలి, కొంచెం ఒంగాలి, తీగ మాత్రం పన్నుకు రాసుకోవద్దు. ఏమీ తగలకుండా పోతే చిన్నదైనట్టు, తోస్తే గాని పోకపోతే పెద్దదైనట్టు. మామూలుగా ఒక నోటికి రెండు సైజులు అవసరం పడతాయి. చిన్న ఊళ్ల మెడికల్ షాపుల్లో దారం దొరికినా ఈ బ్రష్‌లు దొరకకపోవచ్చు. పట్నంలో దంతవైద్యుల క్లినిక్‌ను అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా సరే.

దారం పట్టే తీరు

కావాల్సింది 45 సెంటీమీటర్లు, అంటే పూలదండ కొలిచినట్టే, మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర. చాలామంది జానెడే తెంపుతారు. అది చేతిలో నిలవదు, జారుతుంటే విసుగొచ్చి వదిలేస్తారు.

దారంలో ఎక్కువ భాగం ఒక చేతి నడిమి వేలికి చుట్టండి, మిగిలిన కొస రెండో చేతి నడిమి వేలికి. మధ్యలో రెండు అంగుళాల లోపు ఉండాలి. వేలి కొస నీలంగా అవుతోందంటే బిగుతు ఎక్కువైంది, కింది కణుపు దగ్గర వదులుగా చుట్టండి. పై పండ్లకు బొటనవేళ్లతో, కింది పండ్లకు చూపుడు వేళ్లతో నడిపించాలి.

రెండు పండ్లు ఆనుకున్నచోట దారాన్ని నిలువుగా నొక్కొద్దు. టక్కుమని దిగి చిగురు కోసుకునేది ఇక్కడే. ముందుకు వెనక్కి చిన్నగా లాగుతూ దించాలి. దిగాక ఆ కదలిక ఆపేయాలి. ఇప్పుడు దారాన్ని ఒక పన్నుకు అర్ధచంద్రంలా వంచి హత్తించి, చిగురు అంచు కిందికి ఆగినంత దాకా జార్చి, పైకి కిందికి నాలుగైదుసార్లు. చిగురు మీద అడ్డంగా రంపం కోసినట్టు లాగితే గాయమవుతుంది. తర్వాత అదే సందులో పక్క పన్నుకు హత్తించి మళ్లీ. ఒక సందు అంటే రెండు గోడలు. మధ్యలో దించి తీసేస్తే పీచు వస్తుంది, పాచి రాదు. సరిగ్గా గీస్తే దారం మీద పెరుగు మీగడలా తెల్లటి, పలచటి పసుపు జిగురు కనబడుతుంది. వాసన చూడండి. రోజుల తరబడి ముట్టని సందు కంపు కొడుతుంది, నోటి వాసన ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు తెలుస్తుంది. ప్రతి సందుకూ ఒక చేతి నుంచి విప్పుతూ, రెండో చేతికి చుట్టుకుంటూ కొత్త దారం వాడండి. చివరి దవడ పన్ను వెనుక వైపు మర్చిపోవద్దు, పక్కన పన్ను లేకున్నా అక్కడా పాచి ఉంటుంది.

వేళ్లు మొద్దుబారినవాళ్లకు, వ్యవసాయం, మేస్త్రీ పనితో చేతులు గరుకెక్కినవాళ్లకు ఈ చుట్టుడు కష్టం. మూరెడు దారం రెండు కొసలు కలిపి ముడివేసి గుండ్రంగా చేసుకోండి. ముడి తప్ప మిగతాదంతా తిప్పుకుంటూ వాడొచ్చు, వేళ్లకు చుట్టే పనే ఉండదు. పిడి ఉన్న ఫ్లాస్ పిక్‌లు కూడా ఫరవాలేదు. వంపు తిరగవు కాబట్టి పన్నుకేసి కొంచెం ఒత్తి పట్టి గీయాలి, సందు మారినప్పుడల్లా కడగాలి.

చిన్న బ్రష్ వాడేది

పేస్ట్ వద్దు, తడిపితే చాలు. చిగురుకు ఆనించి నేరుగా తోసి, కుచ్చు మొత్తం అటు ఇటు పోయేలా రెండు మూడుసార్లు లాగండి. లోపల గిర్రున తిప్పితే తీగ వంగి విరుగుతుంది. దవడ పండ్ల దగ్గర నోరు పెద్దగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి పట్టదు. సగం మూసి, తీగను వేలితో కొంచెం వంచి, బుగ్గ వైపు నుంచి పెట్టండి. వాడాక కడిగి, విదిలించి, గాలికి ఆరబెట్టాలి. తీగ వంకరైనా, కుచ్చు ఊడినా పారేయండి. రోజూ వాడితే ఒకటి రెండు వారాలకు ఆ గతి పడుతుంది.

పిచికారీ చేసే వాటర్ ఫ్లాసర్ క్లిప్పులున్నవాళ్లకు, బ్రిడ్జి కట్టించుకున్నవాళ్లకు పనికొస్తుంది. అంటుకున్న పాచిని దారం గీకినంత గీకదు. మన బోరునీళ్లు పోస్తే ట్యాంకు, గొట్టం తెల్లగా ఉప్పు కడతాయి, ఫిల్టర్ నీళ్లు వాడండి.

రక్తం చూసి ఆపేసేవాళ్ల కోసం

అలవాటు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి మూడు నాలుగు రోజులు దారం ఎర్రగా వస్తుంది, 'చిగుళ్లు పాడైతున్నయి' అని మానేస్తారు. అది తిరగేసిన లెక్క. వాచిన చిగురు కాబట్టే ముట్టుకుంటే రక్తం వస్తోంది, వాపు పాచి వల్ల వచ్చింది, పాచి తీయడం మానితే వాపు పెరుగుతుంది. రోజూ నెమ్మదిగా చేస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. ఒక్కచోటే, ఒక్కసారే వస్తే దారం గుచ్చుకుందేమో చూసుకోండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే లోపల గార ఉండొచ్చు, చూపించుకోవాలి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు చిగుళ్ల జబ్బున్నా రక్తం అంతగా రాదు. పొగాకు దాన్ని కప్పిపెడుతుంది. రక్తం రావట్లేదని నిశ్చింతగా ఉండొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు ఎక్కువ, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు కూడా కష్టం. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు మొదలుపెట్టే ముందు తమ డాక్టరును ఒకమాట అడగాలి.

రోజూ జరిగేలా

మన ఇళ్లలో చాలామంది పండ్లు తోమేది పొద్దున ఒక్కసారే. దారం రాత్రే వాడాలని పుస్తకాల్లో ఉంటుంది. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది కాబట్టి అది సబబే. అయితే రాత్రి తోముడు, దారం రెండూ కొత్తగా ఒకేరోజు మొదలుపెడితే రెండూ వారంలో ఆగుతాయి. ఇప్పటికే ఉన్న అలవాటుకు కట్టేయండి. పొద్దున తోమేవాళ్లు పొద్దున్నే చేయండి, రెండు నెలలయ్యాక రాత్రికి మార్చుకోవచ్చు.

తోమకముందా, తోమినాకనా? 2013లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక చిన్న పరిశీలనలో తోమినాక దారం వాడినవాళ్లలో అలవాటు బలంగా నిలిచింది. 2018లో వచ్చిన ఇంకో చిన్న పరిశీలనలో తోమకముందు వాడితే సందుల్లో పాచి తక్కువ, పేస్టులోని ఫ్లోరైడ్ ఎక్కువ మిగిలాయి. రెండింటినీ వాడుకోవచ్చు: అలవాటు పడేదాకా తర్వాత, పడ్డాక ముందు. ఇక 21 రోజుల్లో ఏ అలవాటైనా పడుతుందనే మాట నమ్మి 22వ రోజు నిరాశపడొద్దు. అలవాట్ల మీద లండన్‌లో జరిగిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదని కూడా అందులో తేలింది.

మొదటి రోజే 26 సందులు పెట్టుకోవద్దు. మొదటి వారం కింది ముందు ఆరు పండ్ల మధ్య ఐదు సందులు చాలు. చెయ్యి సులువుగా అందుతుంది, పైగా నాలుక కింద ఉమ్మి ఊరేది అక్కడే కాబట్టి గార ఎక్కువగా పట్టేదీ అక్కడే. రెండో వారం పై ముందు పండ్లు, మూడో వారం నుంచి దవడలు ఒక్కో పక్క. మొదట్లో ఐదారు నిమిషాలు పడుతుంది, చెయ్యి తిరిగాక రెండు మూడు. డబ్బీ బ్రష్‌లు పెట్టే గ్లాసులోనే ఉండాలి, బీరువాలో పెడితే అయినట్టే. బ్రష్‌లు బయట గోలెం దగ్గర పెట్టే ఇళ్లలో దారం కూడా అక్కడే, మూతున్న డబ్బాలో. పనికి హైదరాబాద్, ముంబై పోయేవాళ్లు మూత ఉన్న చిన్న బ్రష్ జేబులో వేసుకుంటే సరి. దానికి నల్లా అక్కర్లేదు, అద్దం అక్కర్లేదు, సైట్ మీద అన్నం తిన్నాక నిమిషంలో అయిపోతుంది.

ఫ్లోరైడ్ మరకలున్న పండ్లు

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లలో కొందరు 'ఎట్లాగూ గోధుమరంగు పండ్లే, ఇంకేం శుభ్రం' అంటారు. ఆ మరక పన్ను తయారయ్యేటప్పుడు పింగాణీలోనే, అంటే పన్ను పైనుండే గట్టి పొరలోనే పడింది, ఏ తోముడుకూ పోదు. ఇటుకపొడి, బొగ్గు రుద్దితే పింగాణీ అరుగుతుంది తప్ప మరక కాదు. కానీ పన్ను కదిలిపోయేది మరక వల్ల కాదు, చిగురూ ఎముకా పాడైనప్పుడే. గుంతలు పడి అంచులు పెళుసెక్కిన పండ్లలో దారం చీలుతుంది. మైనం దారమో, మెత్తటి చిన్న బ్రషో వాడండి, లాగకుండా ఒక కొస వదిలేసి పక్కకు తీయండి. పిల్లలకు రెండు పండ్లు ఆనుకున్నప్పటి నుంచి పెద్దవాళ్లే దారం వేయాలి. పేస్ట్ మూడేళ్లలోపు బియ్యపు గింజంత, తర్వాత బఠానీ గింజంత. మింగకుండా చూడటం మన దగ్గర మరీ ముఖ్యం.

చూపించుకోవాల్సినప్పుడు

రోజూ ఒకేచోట దారం చీలుతుంటే అక్కడ పుచ్చో, గారో, ఫిల్లింగ్ అంచు లేవడమో జరిగి ఉంటుంది. రోజూ ఒకే సందులో అన్నం ఇరుక్కుంటుంటే రెండు పండ్ల మధ్య పట్టు వదిలింది. పన్ను కదిలినా, చీము వచ్చినా ఆగొద్దు. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి, ఓపీలో గార తీయించుకోవచ్చు. గార తీసినాక సందులు పెద్దవైనట్టు, పండ్లు కదిలినట్టు అనిపిస్తుంది. 'క్లీనింగ్ చేస్తే పండ్లు వదులైతయి' అనే మాట ఇందులోంచే పుట్టింది. అప్పటిదాకా ఆ జాగాను నింపింది గార, దాని కింద చిగురు ఎప్పుడో జారిపోయింది. వాపు దిగి చిగురు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత చిన్న బ్రష్ సైజు మళ్లీ చూసుకోండి. పాతది ఇప్పుడు గోడలకు తగలకపోవచ్చు.