తొలకరికి ముందే కారుకి ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పనులు, జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకి కారులో ముందుగా దెబ్బతినేది రబ్బరు. వైపర్ బ్లేడు అంచు, తలుపుల చుట్టూ ఉండే బీడింగు, టైరు పక్కభాగం ఏప్రిల్, మే నెలల్లో ఎండి బిరుసెక్కుతాయి. ఆ సంగతి బయటపడేది మృగశిర వచ్చాక, మొదటి వాన రాత్రి, ఎదుటి లారీ లైట్లు అద్దం మీద చెదిరిపోయి రోడ్డు కనపడనప్పుడు. అప్పటికి మెకానిక్ షెడ్ల ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి. అందుకే జూన్ మొదటి వారం దాటకుండా ఒక ఆదివారం పొద్దున్న కారు పని పెట్టుకోండి. ఎండెక్కకముందు, ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టాలి.

కింద చెప్పిన వాటిలో చాలా పనులకి మెకానిక్ అక్కర్లేదు. చిన్న కార్లకైతే వైపర్ బ్లేడ్లు, గాలి కొలిచే గేజి, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, కార్ షాంపూ కలుపుకున్నా సాధారణంగా రెండు వేల లోపే అవుతుంది. కానీ ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. అక్కడ మాత్రం డబ్బులు మిగుల్చుకోవాలని చూడొద్దు.

నీళ్లు బయటికి పోయే దారులు

వానాకాలానికి కారు సిద్ధం చేయడమంటే పైన మెరిపించడం కాదు, లోపలికి చేరే నీళ్లకి దారి తెరిచి ఉంచడం. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, ఖర్చు మాత్రం పైసా లేదు.

బోనెట్ ఎత్తి, ముందు అద్దం కింద వైపర్లు బిగించిన చోట చూడండి. నల్లటి ప్లాస్టిక్ జల్లెడలాంటిది ఉంటుంది. వేప చెట్టు కిందో, కానుగ చెట్టు కిందో బండి పెట్టేవాళ్లకి అక్కడ ఎండుటాకులు, పూత, దుమ్ము కలిసి గట్టిపడిన పొర కనిపిస్తుంది. అద్దం మీద పడిన వాన నీళ్లన్నీ అక్కడికే వచ్చి, రెండు మూలల్లో ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. అవి పూడుకుపోతే నీళ్లు నిలిచి, ఏసీకి గాలి పీల్చుకునే దారిలోంచి కారు లోపలికి దిగుతాయి. ఆకులు చేత్తో ఏరేసి, సన్నటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒక చెంబుడు నీళ్లు నెమ్మదిగా పోయండి. ముందు చక్రాల వెనకవైపు నీళ్లు కారుతుంటే దారి బాగున్నట్టే. కారకపోతే ఇంకా ఏదో అడ్డుపడి ఉంది.

తర్వాత తలుపులు. ప్రతి తలుపు అడుగు అంచున రెండు మూడు చిన్న చీలికల్లాంటి రంధ్రాలుంటాయి. కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి దిగిన నీళ్లు పోయేది వాటిలోంచే. చీపురు పుల్లతో మెల్లగా పొడిస్తే ఎండిన మట్టి రాలుతుంది. ఇనుప చువ్వ వాడొద్దు, లోపలి పెయింటు గీసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. తలుపు ఊపినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడైతే ఈ రంధ్రాలు ఎప్పుడో మూసుకుపోయాయని అర్థం.

సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ ఉన్న కాలువ నాలుగు మూలల్లో కూడా గొట్టాల నోళ్లుంటాయి. గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. ఆ గొట్టాల్లోకి తీగ దూర్చొద్దు, జాయింటు ఊడితే నీళ్లు పైకప్పు గుడ్డలోకి వస్తాయి. ఏసీ వేసి పది నిమిషాలు ఆగితే కారు కింద నీటి చుక్కలు పడాలి. అవి పడకుండా ముందు సీటు దగ్గర మ్యాట్ తడుస్తుంటే ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోయినట్టు.

అద్దం, వైపర్లు

వైపర్ మార్చేటప్పుడు ముందు అద్దం మీద మందపాటి టవల్ పరవండి. బ్లేడు తీసేశాక మిగిలే ఇనుప చేతికి గట్టి స్ప్రింగు ఉంటుంది. చెయ్యి జారితే అది నేరుగా అద్దానికి కొట్టుకుంటుంది. నాలుగైదు వందల బ్లేడు మార్చబోయి వేల రూపాయల అద్దం పగలగొట్టుకునేది ఇక్కడే. పాత బ్లేడు బాగానే ఉందనిపిస్తే సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో రబ్బరు అంచుని రెండు మూడుసార్లు తుడిచి చూడండి. గుడ్డకి నల్లటి మసి వస్తుంది. తుడిచాక కూడా అద్దం మీద గీతలు పడుతున్నా, కిరకిరమని శబ్దం వస్తున్నా మార్చడమే మంచిది.

వైపర్ కొత్తదైనా అద్దం మసకగా ఉంటే తప్పు అద్దానిది. రోడ్డు మీది పొగ, నూనె జిడ్డు, వాటర్ వాష్‌లో వాడే పాలిష్ కలిసి పల్చటి పొరగా పేరుకుంటాయి. పగలు తెలియదు గానీ, రాత్రి వానలో ఎదుటి లైటు చుట్టూ వలయంలా కనిపిస్తుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి అద్దం తుడిచి, తర్వాత మంచినీళ్లతో కడిగి పొడి గుడ్డ పెట్టండి. పెయింటు మీద, రబ్బరు మీద వెనిగర్ నిలవనివ్వొద్దు. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు అసలే వద్దు, పెయింటు మీది మైనపు పొరని ఊడ్చేస్తాయి. పసుపెక్కిన హెడ్‌లైట్లకి టూత్‌పేస్ట్ రుద్దితే నిగారింపు వస్తుంది, నిజమే. అయితే పైన ఎండని ఆపే పూత ఉండదు కాబట్టి కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

టైర్ల విషయం క్లుప్తంగా. గీతల మధ్య అక్కడక్కడ చిన్న దిమ్మెల్లా ఉండేవి అరుగుదల గుర్తులు. రబ్బరు వాటి మట్టానికి వచ్చిందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగినట్టే, ఆ టైరుతో వానలో వెళ్లొద్దు. నన్నడిగితే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయమంటాను, ఎందుకంటే లోతు తగ్గేకొద్దీ టైరు నీళ్లని పక్కకి నెట్టలేక వాటి మీద తేలిపోతుంది. పక్కభాగం మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బండి కదలకముందే కొలవండి. వానలో పట్టు బాగుంటుందని గాలి తగ్గించడం తప్పు. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

జాకీ దగ్గర ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

కారుతో పాటు వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద లేపిన బండి కిందకి తల గానీ, చెయ్యి గానీ పెట్టకూడదు, ఒక్క నిమిషమైనా సరే. కింద మట్టి అంటిందని కడగడానికి, నట్టు బిగించడానికి దూరేవాళ్లని చూస్తుంటే భయమేస్తుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టడం ఇంకా ప్రమాదం. అవి వంగవు, ముందుగా శబ్దం చేయవు, ఒక్కసారిగా పొడైపోతాయి. అండర్ బాడీ కడిగించాలంటే ర్యాంపు ఉన్న వాటర్ వాష్ సెంటర్‌కి వెళ్లండి. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ ఖర్చు వృథా కాదు.

చక్రం మార్చేటప్పుడు చదునైన గట్టి నేల చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు బండైతే ఫస్ట్‌లో, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పెట్టి, మూలగా ఎదురుగా ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. బండి లేపకముందే నట్లు కొద్దిగా వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రం మీద స్పానర్‌తో బలం పెడితే బండి జాకీ మీంచి జారుతుంది. తడి నేలైతే జాకీ కింద గట్టి చెక్క ముక్క వేయండి. తీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెడితే, జాకీ జారినా బండి నేల మీదికి రాదు.

బ్యాటరీ, రేడియేటర్

బ్యాటరీ మొనల మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకుని ఉంటే వానాకాలం పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంది. తీసే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ పక్కన పెట్టండి. ముందు నెగటివ్ వైరు విప్పాలి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. దీనికి కారణముంది. కారు బాడీ అంతా నెగటివే. పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, కాబట్టి సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వొద్దు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి పైన కొంచెం వ్యాజిలైన్ రాయండి. ఆ నీళ్లు కంట్లో పడితే పావుగంట పాటు ధారగా కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వేడి మీదున్న రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పు పట్టేస్తుంది, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. కింద ఒలికితే వెంటనే కడిగేయండి. పిల్లలో, వీధి కుక్కలో నాకితే ప్రాణం పోతుంది. ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, చున్నీ, వదులు చొక్కా చేతులు జాగ్రత్త.

ఇంజిన్‌ని ప్రెషర్ పంపుతో కడగడం నాకు నచ్చని పని. వైర్లు కలిపే కనెక్టర్లలో, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో నీళ్లు చేరితే బండి మొరాయిస్తుంది. చల్లారిన ఇంజిన్‌ని బ్రష్‌తో దులిపి, తడి గుడ్డతో తుడిస్తే చాలు. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి పని చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

వానలు మొదలయ్యాక ఎలుకలు వెచ్చదనం కోసం బోనెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. రెండు మూడు రోజులు కదలని బండిని స్టార్ట్ చేసే ముందు బోనెట్ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. పాములు కూడా అక్కడ చేరుతుంటాయి కాబట్టి చెయ్యి పెట్టే ముందు కళ్లతో చూడండి.

బ్రేకులు, పసుపు రంగు కనెక్టర్లున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు కేబుళ్లు, ఈ మూడూ మెకానిక్‌కే వదిలేయాలి. వీడియో చూసి చేసే పనులు కావు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్పించమంటారు. మీ సర్వీస్ బుక్‌లో ఆ తేదీ చూసుకోండి. లోపల పాత మ్యాట్ మీద కొత్త రబ్బరు మ్యాట్ పరవొద్దు, జారి పెడల్ కింద ఇరుక్కుంటుంది.

నీళ్లలో ఇరుక్కుంటే

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో చూశాం. చక్రం సగానికి నీళ్లుంటే ముందుకెళ్లొద్దు. ముందు బండి దాటిందని మనదీ దాటుతుందనుకోవద్దు, కొన్నిటికి ఇంజిన్ గాలి పీల్చే గొట్టం కిందికి ఉంటుంది. సెల్లార్‌లోకి నీళ్లు దిగుతుంటే కారు కోసం కిందికి వెళ్లొద్దు. కరెంటు వైర్లు అక్కడే ఉంటాయి, నీళ్లు అనుకున్నదానికంటే వేగంగా నిండుతాయి.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి వెళ్లిన నీళ్లు గాలిలా కుదించుకోవు, పిస్టన్ వాటికి కొట్టుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. మన బండి నష్టానికి కూడా వర్తించే కాంప్రిహెన్సివ్ పాలసీ ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే సాధారణంగా ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉంటేనే డబ్బులిస్తారు. రెన్యువల్ జూన్ లోపు ఉంటే అప్పుడే అడిగి చేర్పించుకోండి. బండి మునిగాక మాత్రం నీళ్లు ఎంతదాకా వచ్చాయో తెలిసేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తాళం తిప్పకుండా టోయింగ్ బండి మీదే షెడ్డుకి పంపించండి.