మార్చిలో తీర్థన్ నది: బ్రౌన్ ట్రౌట్‌కు లూరు వేసే పద్ధతి

హిమాచల్ ప్రదేశ్‌లోని ట్రౌట్ నదులలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట నిషేధం. బ్రౌన్ ట్రౌట్ గులకరాళ్లను తోకతో తవ్వి గుడ్లు పెట్టేదీ, ఆ గుడ్లు రాళ్ల అడుగున చలికాలమంతా మెల్లగా ఎదిగేదీ ఆ నెలల్లోనే. మార్చి మొదటి తేదీ నుంచి, మత్స్యశాఖ లైసెన్సు చేతిలో ఉంటే, మళ్లీ గాలం వేయవచ్చు. లూరుతో, అంటే చేపను ఊరించే కృత్రిమ ఎరతో, వేటాడే పద్ధతిని వివరించడానికి నేను కుల్లు జిల్లాలో బంజార్ దగ్గర పారే తీర్థన్ నదిని ఎంచుకున్నాను. ఐరోపాకు చెందిన ఈ చేపను కుల్లు లోయకు 1909లో తెచ్చారు. నాటి నుంచి అది ఈ చల్లని నీళ్లలో స్థిరపడి, తనంతట తానే సంతతిని పెంచుకుంటోంది.

వసంతకాలపు వేటలో అన్నిటికంటే ముందుగా అర్థం చేసుకోవలసినది నీటి చలి. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కనుక, నీరు ఐదారు డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దానికి అరుగుదల నెమ్మదిస్తుంది, ఎరను తరిమే ఓపిక ఉండదు. ఎనిమిది డిగ్రీలు దాటితే చురుకు వస్తుంది. పది నుంచి పదిహేను మధ్య బాగా మేస్తుంది. చిన్న థర్మామీటరును దారానికి కట్టి నీటిలో రెండు నిమిషాలు ఉంచి చూడడం కంటే ఉపయోగపడే పని ఆ ఉదయం మరొకటి లేదని నా అభిప్రాయం.

తెల్లవారకముందే ఏటి ఒడ్డుకు చేరాలన్న మన అలవాటు ఇక్కడ పనికిరాదు. రాత్రి గడ్డకట్టే చలికి పైకొండల మీద మంచు కరగడం ఆగిపోతుంది కాబట్టి ఉదయం నీరు తేటగా, తక్కువగా ఉంటుంది గానీ, రోజంతటిలో అతి చల్లగా ఉండేదీ అప్పుడే. లోయలోకి ఎండ దిగి, ఒడ్డు వెంబడి రాళ్లు వేడెక్కేసరికి పది దాటుతుంది. అక్కడి నుంచి మధ్యాహ్నం రెండు గంటల దాకా మంచి సమయం. ఆ తరువాత, పగటి ఎండకు పైన కరిగిన మంచునీరు కిందికి చేరేకొద్దీ నది కొంచెం పొంగి, రంగు మారి, మళ్లీ చల్లబడుతుంది. మార్చి మొదట్లో ఈ మార్పు స్వల్పమే. ఏప్రిల్ గడిచేకొద్దీ అది పెద్దదవుతుంది, మంచి సమయం కురచవుతుంది.

అంత చలిలో చేప వడిగల నీటికి ఎదురీది బలాన్ని వృథా చేసుకోదు. తెల్లని నురుగుతో దూకే ప్రవాహాన్ని వదిలేసి, దాని పక్కనే నెమ్మదిగా కదిలే నీటిని చూడండి. వేగమైన ధారా, నిదానమైన నీరూ ఒకదానినొకటి ఒరుసుకునే గీత స్పష్టంగా కనబడుతుంది. ఆ గీతకు ఇవతల, లోతున, చేప తల ప్రవాహం వైపు పెట్టి నిలుచుంటుంది. పెద్ద బండరాయి వెనుక, మడుగు మొదట్లో లోతు మొదలయ్యే చోట, కోతకు గురైన ఒడ్డు కింద కూడా అంతే. పోలరాయిడ్ కళ్లద్దాలు ఉంటే నీటి తళతళ తగ్గి అడుగు కనిపిస్తుంది.

సరంజామా తేలికగా ఉండాలి. మన చెరువుల్లో కొర్రమీనుకు కప్ప లూరు వేసే వారి దగ్గర ఉండే బిరుసు రాడ్డు, మందపు అల్లిక దారం ఇక్కడ సరిపడవు. ఆరు నుంచి ఏడు అడుగుల మెత్తని స్పిన్నింగ్ రాడ్డు, 1000 లేదా 2000 సైజు రీలు, నాలుగు నుంచి ఆరు పౌండ్ల నైలాన్ దారం చాలు. లూర్లలో మూడు నుంచి ఏడు గ్రాముల స్పిన్నర్లు (లాగితే గిర్రున తిరిగే లోహపు ఆకు ఉన్నవి), చెంచా ఆకారపు సన్నని స్పూన్లు, ఐదు సెంటీమీటర్ల లోపు పొడవుండి నీటిలో మునిగే మిన్నోలు (చిన్న చేప ఆకారపు లూర్లు) తీసుకుంటే సరిపోతుంది. తేట నీటికి వెండి రంగు, కలక నీటికి రాగి లేదా బంగారు రంగు నేను వాడతాను. స్పిన్నర్ తిరిగేటప్పుడు దారం మెలిపడకుండా చిన్న స్వివెల్ (గుండ్రంగా తిరిగే లోహపు కీలు) కట్టాలి. మూడు కొక్కేల గాలాన్ని తీసివేసి, దాని స్థానంలో కొన దగ్గరి ఎదురుముల్లు నొక్కివేసిన ఒంటి కొక్కెం పెట్టండి. చేప నోరు చిరగదు, రాళ్లకు తగులుకోవడమూ తగ్గుతుంది.

మడుగుకు దిగువన నిలబడి ఎగువకు ఏటవాలుగా విసరడం మొదటి పద్ధతి. చేప ఎగువకు తిరిగి ఉంటుంది కనుక వెనుక ఉన్న మనిషిని తేలికగా పసిగట్టలేదు. లూరు నీటితో పాటు దిగివస్తుంది కాబట్టి ప్రవాహం కంటే కాస్త వేగంగా చుట్టాలి, లేకుంటే స్పిన్నర్ ఆకు తిరగదు. లోతైన మడుగుల్లో మాత్రం అడ్డంగా విసిరి, లూరును అడుగు దాకా దిగనిచ్చి, ప్రవాహమే దానిని వంపుగా మన ఒడ్డుకు ఈడ్చేలా దారం బిగువుగా పట్టుకొని చాలా నెమ్మదిగా చుట్టడం మేలు. చల్లని నీటిలో నాకు ఎక్కువ చేపలు ఇచ్చినది ఈ రెండో పద్ధతే. వంపు ముగిసి లూరు ఒడ్డు దగ్గర ఆగినప్పుడు వెంటనే పైకి తీయవద్దు. వెంబడించి వచ్చిన చేప చాలాసార్లు అక్కడే పట్టుకుంటుంది. ఒక చోట ఏడెనిమిది సార్లు విసిరినా స్పందన లేకపోతే ముందుకు కదలాలి.

చేప లూరును నోట పట్టినప్పుడు కొర్రమీనుకు లాగినట్లు బలంగా గుంజితే సన్నని దారం తెగుతుంది. రాడ్డు మెల్లగా ఎత్తితే చాలు. రీలు డ్రాగ్‌ను, అంటే దారం బయటికి పోకుండా పట్టి ఉంచే బిగింపును, వదులుగా ఉంచి, చేప పరుగెత్తితే పోనివ్వండి.

నీటిలోకి దిగేవారికి ఒక విన్నపం. మడుగు చివర, లోతు తగ్గి శుభ్రమైన గులకరాళ్లు పరచుకున్న చోటనే గుడ్లు పెడతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొదిగిన పిల్లలు ఇంకా ఆ రాళ్ల సందుల్లో దాగి ఉండవచ్చు. ఆ నేల మీద అడుగు వేయకుండా పెద్ద రాళ్ల మీదుగానో, ఒడ్డు వెంబడినో నడవండి. మోకాలు దాటిన లోతుకు దిగవద్దు, సాయంత్రం నీరు పెరుగుతుందన్నది మరచిపోవద్దు.

ఎన్ని చేపలు, ఎంత పొడవున్నవి ఉంచుకోవచ్చో లైసెన్సు షరతుల్లో చూసుకోవాలి. వసంతం మొదట్లో దొరికేవి గుడ్లు పెట్టి చిక్కిపోయిన చేపలు, తలకాయ పెద్దది, ఒళ్లు సన్నం. వాటిని నేను ఒక్కటీ ఉంచుకోను. చేతులు తడిపి పట్టుకొని, నీటిలోనే కొక్కెం తీసి, తల ఎగువకు ఉండేలా నెమ్మదైన నీటిలో ఆనించి ఉంచితే మొప్పలు క్రమంగా ఆడడం మొదలవుతుంది. తోక బలంగా కొట్టి తనంతట తాను చేతి నుంచి జారిపోయేదాకా వేచి ఉండండి.